సముద్రపు మీగడను తీయు యంత్రము



కాచిన పాలు చల్లారిన పిమ్మట పైన మీగడ కట్టుట మనమందరము ఎరిగినదే. పాలన్నియు ఒకే గిన్నెలోనివైనను, వెన్న ఆ పలుచని పొరలోనే హెచ్చుగా చేరును. సముద్రమునకును ఇట్టి పైపొర యొకటి గలదు. దాని మందము ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. నూనెలు, క్రొవ్వులు, కొన్ని పురుగుమందులు, కొన్ని లోహములు అచ్చట క్రింది నీటిలోకంటె హెచ్చుగా చేరుచుండును. పెక్కు జాతుల చేపల గ్రుడ్లు నీటిపైకి తేలి ఆ పొర చెంతనే యుండును. కావున ఆ పొర విషమైనచో రేపటి వల తేలికయగును.

అమెరికాలోని ఫ్లోరిడా తీరమున బిస్కేన్ అఖాతము నీటిపై తేలు నూనెతెట్టులను పరిశీలించి, చుట్టునున్న నీటిలోకంటె వానిలో పురుగుమందులు మిక్కిలి అధికముగా నున్నవని 1969లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందులలో కొన్ని ఏండ్ల తరబడి విరుగక నిలుచునట్టివి.

ఇంత పలుచని పొరను తీయుట యెట్లు? చెంబు ముంచినచో పొర కొంచెమును, క్రింది నీరు విస్తారముగను వచ్చును, లెక్క తప్పును. 1965లో గారెట్ అను శాస్త్రజ్ఞుడు సన్నని తీగెల జల్లెడను నీటిపై మోపి పైకెత్తి, దాని సందులలో నిలిచిన నీటిని సేకరించు పద్ధతిని తెలిపెను. 1966లో హార్వీ అనునతడు పింగాణి పూత గల పీపాను చిన్న పడవపై అమర్చి, నీటిపై దొర్లించెను. పీపాకు అంటిన పొరను ఒక పలక గీచి సీసాలోనికి పంపును. 1972లో గాజుపలకను నిలువుగా ముంచి మెల్లగా తీసి, రబ్బరుతో తుడుచు సులువైన పద్ధతియు వచ్చెను.

అయితే చేతితో తీయు నీరు కొద్దిపాటియే. పెద్ద ఓడ దగ్గరకు పోయినచో దాని నూనెయే పొరలో కలియును. ఈ చిక్కును తీర్చుటకు జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మనిషి ఎక్కనక్కరలేని జంటపడవను నిర్మించి, 2017లో దాని వివరములు ప్రకటించిరి. దూరమునుండియే దానిని నడుపుదురు. దానిపై గాజు చక్రములు తిరుగుచుండ, వానికంటిన నీటిని తుడుపుపలకలు గీచును. ఆ నీరు ఉష్ణము, ఉప్పదనము మున్నగువానిని కొలుచు సాధనముల మీదుగా పోయి సీసాలలో నిండును. ఒక మీటరు లోతునుండియు నీటిని తీసి, రెంటిని సరిపోల్చుదురు. అలలు ఉద్ధృతముగా నున్నప్పుడు మాత్రము ఈ పని సాగదు.

సభ్యులారా, యంత్రము నాడి చూచునే గాని రోగమును కుదుర్చలేదు. కుదుర్చవలసిన చోటు ఒడ్డుననే గలదు. పంటకాలువలో కడిగిన మందుపంపు, మురుగుకాలువలో పారవేసిన మందుడబ్బా, రేవున ఒలికిన ఇంజను నూనె, ఇవి కృష్ణా గోదావరి డెల్టాల కాలువల వెంట బంగాళాఖాతము చేరగలవు. ఖాళీడబ్బాలను ఒకచోట చేర్చుటకు స్థలము నిర్ణయించుట, కాలువలో పంపులు కడుగవలదని చాటింపు వేయించుట, రేవున వాడిన నూనెకు పీపా ఉంచుట పంచాయతీకి సాధ్యములైన పనులే. ఎగువ గ్రామము చూపు శ్రద్ధ దిగువ జాలరి వలలో చేపయై కనబడవలెనని మేము కోరుచున్నాము.