చేతిలో ఏ ఫోను ఉన్నా రైతు రైతే

(అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్న రైతుబిడ్డలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)



మీరంతా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చారు. మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే కనిపిస్తాయి. మీలో ఎక్కువమంది పల్లెల నుంచి, పత్తి, వరి, మిరప పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పండక్కి ఊరికి వచ్చినప్పుడు మీరు మమ్మల్ని ఒక మాట అడుగుతుంటారు. "నాయనా, ఇంకా ఈ డబ్బా ఫోనేనా? టచ్ ఫోను కొనిస్తా తీసుకోరాదూ?" అని. ఇన్నాళ్లూ మేము నవ్వి ఊరుకున్నాం. ఇవాళ దానికి జవాబు చెబుదామని వచ్చాం. ఎందుకంటే మీరు ప్రేమతో అడిగే ఆ మాటనే ఇప్పుడు ప్రభుత్వాలు షరతుగా పెడుతున్నాయి.

ముందుగా ఒక సంగతి. మేము ఫోనుకు విరోధులం కాదు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అప్పట్లో ఫోను వస్తే ఎత్తినవాడు కూడా డబ్బు కట్టాలి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే సెల్లు మన పల్లెల్లోకి గట్టిగా వచ్చింది. అదే ఏడాది నోకియా 1100 అనే చిన్న ఫోను వచ్చింది. దానికి పైన టార్చిలైటు ఉండేది. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దాన్ని కొన్నవాళ్లలో మేమూ ఉన్నాం. మార్కెట్టులో ధర ఎంతుందో ఇంట్లో ఉండే కనుక్కోవడం, కూలీలను పిలుచుకోవడం, ఆసుపత్రికి ఆటో పిలిపించుకోవడం అన్నీ ఆ ఫోనుతోనే మొదలుపెట్టాం. సెల్లును పల్లె కాదనలేదు, చేతులు చాచి తీసుకుంది.

మరి ఇప్పుడు బటన్ ఫోను ఎందుకు వదలం? మా పని అలాంటిది. మడిలో దిగినప్పుడు, మందు కొట్టేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు చెయ్యి బురదతోనో తడితోనో ఉంటుంది. కాయలు కాసిన వేలిని టచ్ ఫోను అద్దం గుర్తుపట్టదు. బటను నొక్కితే నొక్కినట్టు పడుతుంది. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది చూశారా, చూపు తగ్గిన పెద్దమనిషి దాన్ని తడిమి నంబరు కొట్టేస్తాడు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు బావి కాడికి పోవాలంటే టార్చి కావాలి, పాము పుట్ర చూసుకోవాలి. ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు మూడు రోజులు వస్తుంది. గట్టు మీది నుంచి పడ్డా మళ్లీ మోగుతుంది. మోటారుకు సిమ్ ఉన్న మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నవాళ్లు ఇదే ఫోనుతో ఇంట్లో మంచం మీద నుంచే మోటారు వేస్తున్నారు. చెడిపోతే వెయ్యి, పదిహేను వందల్లో ఇంకొకటి వస్తుంది. పనికి తగ్గ పనిముట్టు ఎంచుకోవడం రైతుకు కొత్త కాదు. కలుపు తీయడానికి ట్రాక్టరు తోలుకుపోం కదా.

ఇంకో కారణం భద్రత. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపుతున్నారు. దాన్ని నొక్కితే ఫోను వాళ్ల చేతిలోకి పోతుంది, ఖాతా ఖాళీ అవుతుంది. పోలీసులు దీని మీద ఎన్నోసార్లు హెచ్చరించారు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్లలోని నంబర్లన్నీ లాక్కుని, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తే, మన తెలంగాణలోనే ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. బటన్ ఫోనులో ఆ ఫైలు తెరుచుకోదు, ఆ యాప్ ఎక్కదు. అలాగని బటన్ ఫోనుకు మోసం రాదని మేము అనం. ఓటీపీ చెప్పమనే ఫోన్లు మాకూ వస్తాయి. ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి కొట్టాలి. అది బటన్ ఫోను నుంచి కూడా కలుస్తుంది.

ఇదంతా మా ఎంపిక. ఇక షరతు సంగతికి వద్దాం.

2025-26 పత్తి సీజనులో కాటన్ కార్పొరేషన్ వాళ్లు 'కపాస్ కిసాన్' అనే యాప్ తెచ్చారు. ఆధార్‌తో పేరు నమోదు కావాలి, తర్వాత స్లాట్ బుక్ చేసుకోవాలి, ఆ రోజే జిన్నింగ్ మిల్లుకు పత్తి తేవాలి. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే కొనరు. ఇప్పుడు ఆలోచించండి. ఎండ చూసి పత్తి ఆరబెట్టి, ఇవాళ తేమ సరిపోయిందనుకున్న రోజు స్లాట్ ఉండదు. స్లాట్ వచ్చిన రోజు వాన పడుతుంది. దీనికి తోడు చేతిలో స్మార్ట్‌ఫోను లేనివాడు, ఆధార్‌కు పాత నంబరు ఉన్నవాడు ఊళ్లో ఎవరినో బతిమాలుకోవాలి. కొన్నిచోట్ల ఏఈఓలు దగ్గరుండి బుక్ చేసి పెట్టారు, వాళ్లకు దండం. కాని ఒక్కొక్క ఏఈఓ కింద ఎన్ని ఊళ్లున్నాయో మీకూ తెలుసు.

స్లాట్ దొరకని రైతు ఏం చేస్తాడు? వ్యాపారికి అమ్ముకుంటాడు. క్వింటాలుకు వెయ్యి రూపాయలు తక్కువ వచ్చిందనుకుందాం. ఇరవై క్వింటాళ్ల మీద ఇరవై వేలు. ఆ ఇరవై వేలు ఎక్కడివో కాదు బిడ్డలారా, ఇక్కడ మీ హాస్టల్ ఫీజులు.

యూరియా సంగతీ అంతే. 2025 వానాకాలంలో సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి జనం నిలబడ్డ ఫొటోలు మీరు చూసే ఉంటారు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. డబ్బు చేతిలో ఉన్నా బస్తా లేదు. ఆ డిసెంబరులో యాసంగికి కొన్ని జిల్లాల్లో ఎరువుల బుకింగ్ యాప్ మొదలుపెట్టారు. వరుస తగ్గుతుందంటే మాకు సంతోషమే, నిలబడి కాళ్లు లాగినవాళ్లం మేమే. కాని బస్తాలు పెరగకుండా వరుస మాత్రం కనిపించకుండా పోతే కొరత తీరినట్టా? రోడ్డు మీది వరుస ఫోనులోకి పోయినట్టు. రోడ్డు మీద ముసలివాళ్లను చూసి ఎవరో ఒకరు "నువ్వు ముందు పో తాతా" అంటారు. ఫోనులో ఆ మాట అనేవాళ్లుండరు. నెట్‌వర్క్ బాగున్నవాడు, వేళ్లు త్వరగా ఆడేవాడు ముందుంటాడు.

ఇక ఆడవాళ్ల సంగతి, కౌలు రైతుల సంగతి చెప్పాలి. ఇంట్లో ఒక టచ్ ఫోను ఉంటే అది కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. భర్త పోయి, ఒంటి చేత్తో సేద్యం చేస్తున్న ఆడబిడ్డ చేతిలో ఉండేది బటన్ ఫోనే. కౌలు రైతుకైతే కష్టం రెండింతలు. పాసుపుస్తకం పట్టాదారు పేరు మీద, యాప్ అడిగేది పాసుపుస్తకం. చేతిలో లక్ష రూపాయల ఫోను పెట్టినా కౌలు రైతు పేరు మీద పాసుపుస్తకం ఉండదు. కాబట్టి అందరికీ ఫోన్లు కొనిస్తే చాలు అనేవాళ్ల మాట నమ్మొద్దు.

ఇప్పుడు మీ అమీర్‌పేట పక్కనే ఉన్న పంజాగుట్ట వైపు చూడండి. మెట్రోలో ఒక స్టేషన్ పోతే పంజాగుట్ట, ఇంకొక స్టేషన్ పోతే ఎర్రమంజిల్. ఆ దగ్గర్లోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది, జలసౌధ ఉంది, మన ధాన్యం కొనే పౌరసరఫరాల భవన్ ఉంది. బేగంపేట వైపు ప్రజాభవన్ ఉంది. 2023 డిసెంబరు నుంచి అక్కడ ప్రజావాణి పెట్టారు, మంగళవారం, శుక్రవారం దరఖాస్తులు తీసుకుంటారు. ఆ రోజుల్లో పొద్దున్నే అక్కడికి వెళ్లి చూడండి. సంచిలో కాగితాలు పెట్టుకుని రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు కనిపిస్తారు. ధరణి మీద వచ్చిన దరఖాస్తులు ఎన్నో. 2020లో ధరణి పోర్టల్ తెచ్చినప్పుడు అంతా కంప్యూటర్లోనే అయిపోతుంది, ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదన్నారు. పేరు తప్పు పడ్డవాడు, భూమి నిషేధిత జాబితాలో పడ్డవాడు కంప్యూటర్‌కు ఎంత చెప్పుకున్నా అది వినలేదు. చివరికి మనిషిని వెతుక్కుంటూ కాగితం పట్టుకుని పంజాగుట్ట దాకా వచ్చాడు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చినప్పుడు, అధికారులే ఊళ్లకు వచ్చి రెవెన్యూ సదస్సుల్లో కాగితం మీద దరఖాస్తులు తీసుకోవలసి వచ్చింది.

అమీర్‌పేటలో తయారీ నేర్చుకుంటున్న మీరు ఆ ప్రజావాణి వరుసను ఒక్కసారి చూడాలని మా కోరిక. యాప్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ నిలబడ్డవాళ్లు చెబుతారు.

"బటన్ ఫోనుతో ఇవన్నీ ఎలా అవుతాయి?" అని మీరు అడగొచ్చు. అవుతాయి. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. 1800-180-1551కి ఏ ఫోను నుంచైనా ఉచితంగా కొట్టొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు పంపడానికి *99# ఉంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్ల కోసమే యూపీఐ 123పే తెచ్చింది. ఇంటర్నెట్ అక్కర్లేదు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఓటీపీ మెసేజ్‌తో అవుతుంది, లేదా మీసేవ లాంటి కేంద్రంలో వేలిముద్రతో అవుతుంది. బయటి దేశం సంగతి చెప్పాలంటే, ఆఫ్రికాలోని కెన్యాలో 2007లో ఎం-పెసా వచ్చింది. అక్కడి రైతులు, కూలీలు బటన్ ఫోన్లతోనే డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి మన దగ్గర యూపీఐ మాటే లేదు. మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని పెట్టారు. అడవిలో ఉన్న ఆదివాసీలు మామూలు ఫోను నుంచి కాల్ చేసి తమ ఊరి సమస్యను తమ గొంతుతో రికార్డు చేస్తే, ఇంకొకరు ఫోనులో విన్నారు. చదువు అక్కర్లేదు, తెర అక్కర్లేదు. పత్తి స్లాట్ కూడా అలాగే ఒక ఫోను కాల్‌తో ఇవ్వొచ్చు. "వరంగల్ మిల్లుకు ఒకటి నొక్కండి, జమ్మికుంటకు రెండు నొక్కండి" అంటే మాకు అర్థం కాదా?

అయితే మా చిన్న ఫోనుకు ఇంకొక గండం ఉంది. రీఛార్జి. మాట్లాడుకోవడానికి మాత్రమే ఫోను వాడేవాడి చేత కూడా డేటా ప్యాకు కొనిపించారు. రీఛార్జి అయిపోతే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ ఆగిపోతుంది, ఓటీపీ ఆగిపోతుంది, చివరికి నంబరే పోతుంది. ఆధార్‌కు, బ్యాంకుకు, పాసుపుస్తకానికి కట్టిన నంబరు అది. 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి నిబంధన పెట్టింది. డేటా వద్దనుకునేవాళ్ల కోసం మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు ప్రతి కంపెనీ ఇవ్వాలి, వాటి గడువు ఏడాది దాకా ఉండొచ్చు అని చెప్పింది. కంపెనీలు ఆ ప్యాకులు తెచ్చాయి కాని దుకాణంలో అడిగితేనే చెబుతారు. అడగండి. ఇంకోపక్క 2జీని పూర్తిగా ఎత్తేయాలని ఒక పెద్ద కంపెనీ అధినేత 2020లోనే బహిరంగంగా కోరారు. అది జరిగితే మన చేతుల్లోని పాత ఫోన్లు టార్చిలైట్లుగా మాత్రమే మిగులుతాయి. దీని మీద సంఘాలు ఇప్పటి నుంచే కన్నేసి ఉంచాలి.

కాబట్టి మేము అడిగేవి నాలుగే.

ఒకటి. రైతుకు సంబంధించి ఏ యాప్ తెచ్చినా, అదే పని కాగితం మీద చేసిపెట్టే మనిషి రైతువేదికలోనో సొసైటీలోనో తప్పనిసరిగా ఉండాలి.

రెండు. అదే పని ఒక ఫోను కాల్‌తో, మెసేజ్‌తో తెలుగులో జరగాలి.

మూడు. స్లాట్లలో, బస్తాల్లో కొంత భాగం నేరుగా వచ్చేవాళ్లకు పక్కన పెట్టాలి. యాప్ తెరిచిన అరగంటలో అన్నీ అయిపోకూడదు.

నాలుగు. కౌలు రైతును పంట చూసి గుర్తించాలి, ఫోను చూసి కాదు.

రైతు సోదరులారా, ఈ నాలుగు మాటలను మీ గ్రామసభలో తీర్మానంగా రాయించండి. రసీదు తీసుకోండి. ఒక కాపీ సంఘానికి పంపండి. అన్నీ కలిపి ప్రజావాణిలో ఇద్దాం.

బిడ్డలారా, మీకు ఒక మాట. మీలో కొందరు రేపు ఇలాంటి యాప్‌లు తయారుచేసే కంపెనీల్లోనే చేరతారు. అక్కడ ఎవరో ఒకరు బల్ల మీద కాగితం పెట్టి, "వాడేవాడి దగ్గర స్మార్ట్‌ఫోను ఉందనుకుందాం" అంటారు. అప్పుడు మీ ఊళ్లో ఎవరి దగ్గర ఏ ఫోను ఉందో చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో మీరొక్కరే కావచ్చు. చెప్పండి. ఈసారి పండక్కి వచ్చినప్పుడు టచ్ ఫోను తేకపోయినా ఫరవాలేదు. మీ నాయన ఆధార్‌కు ఏ నంబరు ఉందో చూసి పెట్టండి, డేటా లేని ప్యాకు వేయించండి, 1930, 1800-180-1551 రెండు నంబర్లూ ఆ చిన్న ఫోనులో ఎక్కించండి. పక్కింటి అవ్వ ఫోనులో కూడా ఎక్కించండి.

జై కిసాన్.