నిరోధాల లెక్క – నేను నేర్చుకున్న పాఠం

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమన్నారు కార్యదర్శి గారు. నాకు బాగా తెలిసింది వైరింగు. అదే చెబుతాను.

నేను పెరిగింది జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషను దగ్గరి బర్మామైన్స్‌లో. నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి అక్కడ ఎలక్ట్రీషియన్‌గా కుదురుకున్నారు. శ్రీరామనవమి పందిరికి 6 వోల్టుల బల్బులు 40 కలిపి సీరియల్ సెట్ కట్టేవారు. ఒకటి మాడితే అన్నీ ఆరిపోయేవి. "చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లల్లాంటివిరా ఇవి. ఒకడు చెయ్యి వదిలితే వరస తెగినట్టే. ఇంట్లో లైట్లు అలా కాదు, దేని దారి దానిదే" అనేవారు.

శ్రేణి సంధానం, సమాంతర సంధానం అంటే ఇంతే. శ్రేణిలో నిరోధాలను కూడాలి. సమాంతరంగా రెండు ఉంటే, వాటి లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించాలి.

లెక్క వచ్చు గదా అనుకుని సైన్యంలో చేరాను. ఒక రాత్రి ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన లారీకి హెడ్‌లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి. రెండుసార్లు బల్బులు మార్చి, "సరిపోతుంది, వెళ్లండి" అన్నాను. మా హవల్దార్ గారు లారీ ఆపించారు. "బల్బులు సరే, మిగతా దారి చూశావా?" అని కాగితం ఇచ్చారు.

బ్యాటరీ 24 వోల్టులు. 60 వాట్ల దీపం ఒక్కోటి 9.6 ఓములు. రెండూ సమాంతరం కాబట్టి 4.8 ఓములు. 5 ఆంపియర్లు రావాలి. మీటరు 4 మాత్రమే చూపించింది. 24ని 4తో భాగిస్తే 6 ఓములు. అంటే ఎక్కడో 1.2 ఓములు శ్రేణిలో దాక్కుని ఉంది! వెతికితే, రెండు దీపాలకూ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. అక్కడే 4.8 వోల్టులు ఖర్చైపోతున్నాయి. దీపాలకు మిగిలింది 19.2. ఒక్కో దీపానికి 60 వాట్ల బదులు 38 వాట్లే. పైగా ఆ బోల్టు దగ్గర 19 వాట్ల వేడి. చెయ్యి పెడితే చురుక్కుమంది. (వేడిని బట్టి ఫిలమెంటు నిరోధం కొంత మారుతుంది. లెక్కకు ఇది చాలు.)

బోల్టు గీకి బిగించాం. దీపాలు తెల్లగా వెలిగాయి. ఆ లారీలో పన్నెండుమంది జవాన్లు ఉన్నారు. నా "సరిపోతుంది" అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిల్లలూ, ఎంత చిక్కు సర్క్యూట్ అయినా భయపడకండి. లోపలి సమాంతర జతను ముందు పట్టుకోండి. దాన్ని ఒక్క నిరోధంగా మార్చి బొమ్మ మళ్లీ గీయండి. శ్రేణిలో ఉన్నవి కూడండి. ఒక్కటే మిగిలేదాకా ఇలాగే చేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి ప్రతి చోటా వోల్టేజి చూడండి. లెక్కకూ మీటరుకూ తేడా వస్తే, బొమ్మలో లేనిదేదో బండిలో ఉందన్నమాట. దాన్ని వదిలిపెట్టొద్దు.

సెలవు. జైహింద్!