గెలిచేవాడంటే మనకెందుకంత మంట?

నేను అబుదాబిలో సివిల్ సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల దిక్కు. ఐ.టి.ఐ. చదివి ఇటొచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. నా కింద మలయాళీలు, ఈజిప్టు వాళ్ళు, నేపాలీలు, మనోళ్ళు అందరూ పని చేస్తారు. మనకి క్రికెట్ పిచ్చి, మిగతావాళ్ళకి ఫుట్‌బాల్ పిచ్చి. వాళ్ళతో కూర్చుని చూసి చూసి నాకూ అంటుకుంది. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు.

ఫుట్‌బాల్ అభిమానికి తన టీం గెలిస్తే ఒక సంతోషం. తనకి పడని టీం ఓడితే ఇంకో సంతోషం. చాలాసార్లు రెండోదే పెద్దది. మా క్యాంపు మెస్‌లో టీవీ ముందు నిలబడితే కళ్ళారా కనబడుతుంది. ఆడేది తన టీం కాకపోయినా సరే, పెద్ద టీం మీద గోల్ పడిందంటే కుర్చీ తన్నేసి మరీ లేస్తారు. ఇది ఒట్టి అసూయేనా? నాకైతే అంతకన్నా ఎక్కువే ఉందనిపిస్తుంది.

మనకి తెలిసిన ఆటతో మొదలుపెడతా. 2003 మార్చి 23, జొహన్నెస్‌బర్గ్, ప్రపంచ కప్పు ఫైనల్. ఆస్ట్రేలియా 2 వికెట్లకి 359. పాంటింగ్ 140 నాటౌట్. మనం 125 పరుగుల తేడాతో ఓడాం. ఆ తర్వాత ఊరూరా ఏం పుకారు తిరిగిందో నా వయసు వాళ్ళందరికీ గుర్తుంటుంది. పాంటింగ్ బ్యాటులో స్ప్రింగ్ ఉందంట, మ్యాచ్ మళ్ళీ ఆడిస్తారంట! జనం ఎందుకు చెవినేసుకున్నారు? వాడు మనకన్నా బాగా ఆడాడని ఒప్పుకుంటే చేతిలో ఏమీ మిగలదు. స్ప్రింగ్ ఉందనుకుంటే మనం ఓడిపోలేదు, మోసపోయాం. ఓడిపోయినోడి కన్నా మోసపోయినోడికి రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ స్ప్రింగ్ పేరు 'ఫెర్గీ టైం'. మాంచెస్టర్ యునైటెడ్‌కి అలెక్స్ ఫెర్గూసన్ మేనేజరుగా ఉన్నప్పుడు ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టి గెలవడం వాళ్ళకి అలవాటు. ఎదుటోళ్ళు ఏమనేవాళ్ళంటే, యునైటెడ్ వెనకబడి ఉంటే రెఫరీ గడియారం నెమ్మదిగా నడుస్తుందని.

ఈ మంట ఎట్లా పెరుగుతుందో చూడాలంటే లివర్‌పూల్, మాంచెస్టర్ రెండు ఊళ్ళనీ చూడాలి. మధ్య దూరం యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఒకటి రేవు, ఒకటి బట్టల మిల్లుల ఊరు. మిల్లులకి పత్తి రావాలన్నా, బట్ట బయటికి పోవాలన్నా లివర్‌పూల్ రేవు మీదుగానే, వాళ్ళడిగిన సుంకం కట్టే. మాంచెస్టర్ వాళ్ళకి విసుగొచ్చి సొంతంగా ఓడల కాలువ తవ్వుకున్నారు. 1887లో పని మొదలైంది, 1894లో కాలువ తెరిచారు. 58 కిలోమీటర్లు. సైట్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ కాలంలో అంత మట్టి ఎత్తడమంటే ఏంటో నేను ఊహించుకోగలను. ఇప్పటికీ మాంచెస్టర్ క్లబ్బులు రెండిటి గుర్తుల్లోనూ ఓడ బొమ్మ ఉంటుంది. అంటే ఈ పోటీ బంతితో మొదలవలేదు, పొట్టకూటి దగ్గర మొదలైంది. బంతి తర్వాత వచ్చి చేరింది.

ఇప్పుడు లెక్క చూడండి. 1973 నుంచి 1990 దాకా లివర్‌పూల్ 11 సార్లు లీగ్ గెలిచింది. మొత్తం 18 అయ్యాయి. యునైటెడ్‌కి అప్పటికి 7. 1967 తర్వాత 26 ఏళ్ళు వాళ్ళకి లీగే దక్కలేదు. 1993లో కరువు తీరింది. మరుసటేడు యునైటెడ్ వాళ్ళు లివర్‌పూల్ మైదానానికి వస్తే, 18 గెలిచాక రండి అని అక్కడివాళ్ళు బ్యానర్ కట్టారు. తర్వాతేమైంది? ఫెర్గూసన్ ఒక్కడి కాలంలోనే 13 టైటిళ్ళు. 2009లో 18 అయ్యాయి, 2011లో 19, 2013లో 20. లివర్‌పూల్‌కి 30 ఏళ్ళ కరువు పట్టి 2020లో తీరింది. 2025లో వాళ్ళూ 20కి చేరారు.

ఇక్కడ నాకు అర్థమైందొకటే. ద్వేషం క్లబ్బుది కాదు, కుర్చీది. లివర్‌పూల్ కూర్చున్నప్పుడు యునైటెడ్ వాళ్ళు ఏమని తిట్టారో, యునైటెడ్ కూర్చున్నాక లివర్‌పూల్ వాళ్ళు అవే తిట్లు తిట్టారు. రెఫరీలు వాళ్ళవైపే, టీవీ వాళ్ళవైపే, పొగరు నెత్తికెక్కింది. మాటలు అవే, నోళ్ళు మారాయి. 2016లో లెస్టర్ సిటీ లీగ్ గెలిస్తే లోకమంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళ మీద ఎవరికీ మంట పుట్టలేదు. ఎందుకంటే వాళ్ళు కుర్చీలో ఒక్క ఏడాదే కూర్చుని లేచారు. అదే ఐదేళ్ళు కూర్చుని ఉంటే లెస్టర్‌నీ తిట్టేవాళ్ళే.

మనదైతే మాత్రం లెక్క వేరే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీందే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచిందంటే దాని వెనక కూడా ఆయనే. ఈ మాట చెప్తుంటే మన ఛాతీ పొంగుతుంది. ఒకే టీం ఐదేళ్ళు గెలిస్తే ఏం మజా ఉంటుందని మనలో ఎవరైనా అంటామా?

మరి కుర్చీలో ఉన్నోడి మీద అసలు కోపం ఎందుకు? వాడు కప్పు తీసుకున్నందుకు కాదు, మన 'ఈసారి' తీసుకున్నందుకు. అభిమాని చేతిలో ఉండే ఆస్తి అదొక్కటే. 'ఈసారి మనదే' అనే మాట. 2018-19లో లివర్‌పూల్ సీజన్ మొత్తంలో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడి 97 పాయింట్లు తెచ్చుకుంది. మాంచెస్టర్ సిటీ 98తో కప్పు ఎత్తుకుపోయింది. 2021-22లో మళ్ళీ అంతే, సిటీకి 93, లివర్‌పూల్‌కి 92. ఇంకేం చేయాలి మనిషి? చేయగలిగిందంతా చేశాక కూడా దక్కకపోతే, ఆటలోనే ఏదో తేడా ఉందనిపిస్తుంది.

అప్పుడు డబ్బు మాట వస్తుంది. 2008లో సిటీని కొన్నది మేముండే అబుదాబి వాళ్ళే. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు. ఇంగ్లండ్‌లో అంతకుముందు ఎవరూ వరసగా నాలుగు గెలవలేదు. డబ్బుతో గెలిచారని మిగతావాళ్ళ మంట. డబ్బుకి బలం లేదని నేననను. మంచి మేస్త్రీ కావాలంటే మంచి కూలి ఇవ్వాలి, ఎక్కడైనా అంతే. కానీ ఆ మాట అనేవాళ్ళలో యునైటెడ్ వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు గెలిచిన రోజుల్లో వాళ్ళేమన్నా పేద క్లబ్బా? పాత డబ్బుకి కొత్త డబ్బంటే పడదు, అంతే.

ఇది మనకి తెలియని సంగతి కాదు. ఊళ్ళో తాతల నాటి పెద్ద గడీ ఉంటుంది, దాన్ని ఎవరూ ఏమీ అనరు. దాని పక్కన దుబాయ్ పైసలతో ఒకడు రెండంతస్తుల ఇల్లు కడితే మాత్రం, ఎట్లా సంపాదించాడో ఏమో అంటారు. వాడు ఎండలో ఎన్నేళ్ళు రాడ్లు మోశాడో ఎవరికీ పట్టదు. వింటున్నోళ్ళలో ఆ ఇల్లు కట్టినోళ్ళున్నారు. పక్కింట్లో నుంచి ఆ ఇంటిని చూసి మండిపోయినోళ్ళూ ఉన్నారు. ఆ కుర్చీకి అటూ ఇటూ ఉన్నది మనమే. అందుకే అభిమాని మంటని నేను ఎగతాళి చేయను. అది మనిషికి సహజం.

కానీ దానికొక గీత ఉంది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో విమానం కూలి 23 మంది పోయారు. అందులో 8 మంది యునైటెడ్ ఆటగాళ్ళు, పిల్లల్లాంటి వాళ్ళు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాటకి 97 మంది లివర్‌పూల్ అభిమానులు బలైపోయారు. తప్పు అభిమానులదే అని ఏళ్ళ తరబడి నింద మోపారు. తప్పు వాళ్ళది కాదని 2016లో జ్యూరీ తేల్చేదాకా ఆ తల్లిదండ్రులు పోరాడుతూనే ఉన్నారు. ఇన్ని తెలిసి కూడా, ఎదుటోణ్ణి ఏడిపించడానికి ఈ చావుల మీద పాటలు కట్టి స్టేడియంలో పాడేవాళ్ళున్నారు. 2023 మార్చిలో రెండు టీముల మేనేజర్లు, క్లాప్, టెన్ హాగ్, ఇక ఇవి ఆపండని కలిసి అడగాల్సి వచ్చింది.

అది ఇంగ్లండ్‌లోనే ఉండిపోతే నేను మాట్లాడేవాణ్ణి కాదు. మా సైట్‌లో క్రేన్ ఆపరేటర్ ఈజిప్టు ఆయన, మహమ్మద్ సలా కోసం లివర్‌పూల్ అంటే ప్రాణం. కింద సిగ్నల్ ఇచ్చే రిగ్గర్ మలప్పురం కుర్రాడు, యునైటెడ్. ఒకసారి ఆపరేటర్ ఫోన్‌లో ఏదో వీడియో చూసి, రెండు చేతులు చాపి విమానంలా ఊగి నవ్వాడు. దానర్థం ఏంటో పాపం ఆయనకి తెలియదు. కుర్రాడికి తెలుసు. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. వీళ్ళ మధ్య నాలుగు టన్నుల స్టీలు గాల్లో వేలాడుతుంటే మాటల్లేకపోతే ఎట్లా? లిఫ్టింగ్ ఆపించి ఇద్దర్నీ నీడలో కూర్చోబెట్టాను. 1958 సంగతి చెప్పు అని కుర్రాడితోనే చెప్పించాను. ఆయన తలొంచుకుని విన్నాడు. తర్వాత హిల్స్‌బరో సంగతి ఆయన చెప్పాడు. క్షమించమని ఎవరూ అడగలేదు. చాయ్ తాగి లేచారు, మధ్యాహ్నం పని నడిచింది. మ్యాచ్ ఉన్న రోజున ఇప్పటికీ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉంటారు. తిట్టుకోనీ, మంచిదే.

నేను చెప్పేది ఇంతే. కుర్చీని తిట్టండి, జెర్సీని తిట్టండి, రెఫరీ గడియారాన్ని కూడా తిట్టుకోండి. చనిపోయినోళ్ళ జోలికి, పక్కన పనిచేసే మనిషి జోలికి మాత్రం పోకండి. మిగిలినదానికి మన గల్ఫ్ మాట ఉండనే ఉంది, ఖల్లీవల్లీ. 'ఈసారి' పోతే వచ్చే ఆగస్టులో ఇంకో 'ఈసారి' వస్తుంది.

ఉంటాను మరి. ఎండలు ముదిరాయి, నీళ్ళు బాగా తాగండి.