కారు ఆకారపు బల్ల గడియారములు: ఊరి వడ్రంగికి ఒక క్రొత్త పని
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



నేడు మీ యెదుట నేను ప్రస్తావింపబోవు వస్తువు మిక్కిలి చిన్నది. జానెడు పొడవు గల ఒక చెక్క కారు. దాని తలుపు ఉండవలసిన చోట ఒక గుండ్రని గడియారము. వ్రాతబల్లపై ఉంచుకొనుటకు పనికివచ్చును. "త్రాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపములు ఇన్ని పనులుండగా పంచాయతీ వారికి బొమ్మ కారుతో పని యేమి?" అని మీకు తోచవచ్చును. బొమ్మతో పని లేదు. దానిని చేయగల మనిషితో పని ఉన్నది. ఆ మనిషి మన ఊరి వడ్రంగి.

ఒకప్పుడు నాగలి, గొర్రు, గుంటక, బండిచక్రము, ద్వారబంధము అన్నియు ఆయన చేతి మీదుగనే వచ్చెడివి. పంట నూర్చినపుడు ఆయన మేర ఆయనకు ముట్టెడిది. నేడు పొలమును ట్రాక్టరు దున్నుచున్నది. తలుపులు, కిటికీలు పట్టణము నుండి సిద్ధముగా వచ్చి దిగుచున్నవి. మేర పోయినది, పని తగ్గినది. పిల్లలు ఉలి పట్టుటకు ఇష్టపడక ఊరు విడిచి పోవుచున్నారు. ఒక్క తరము ఈ విద్యను విడిచినచో, దానిని మరల ఊరికి తెచ్చుట తేలిక కాదు. కావున ఆ నేర్పునకు నేటి కాలమున అంగడి గల పనిని వెదకి చూపుట మన కర్తవ్యము. అట్టి పనులలో ఈ గడియారమొకటి.

యంత్రము

దీనికి స్క్రోల్ సా అను చిన్న రంపపు యంత్రము కావలెను. కుట్టు మిషను సూది వలె దీని సన్నని బ్లేడు మీదికి క్రిందికి ఆడుచుండును. చేతి రంపముతో కోయునపుడు చెక్క నిలిచియుండును, రంపము కదలును. ఇచ్చట రంపము తన చోటనే ఆడుచుండగా, పనివాడు చెక్కను త్రిప్పుచు గీత వెంబడి నడుపును. అందువలననే ఎంతటి వంకరనైనను నున్నగా కోయవచ్చును. బ్లేడు పొడవు సుమారు 5 అంగుళములు. అది తరచుగా తెగుచుండును. కావున డజను లెక్కన కొని ఉంచుకొనవలెను. విద్యుత్తు ఖర్చు స్వల్పము. 100 వాట్ల యంత్రము 10 గంటలు నడచినచో ఒక్క యూనిట్ మాత్రమే కాలును.

పెద్ద గుండ్రంపముతో పోల్చినచో దీనివలన అపాయము తక్కువ. అయినను వ్రేళ్ళను బ్లేడునకు ఎదురుగా ఉంచరాదు. అంతకంటె ముఖ్యముగా భయపడవలసినది రంపపు ధూళికి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని క్యాన్సర్ కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. గాలి ఆడు గది, ముక్కునకు నోటికి మంచి మాస్కు, కన్నులకు అద్దములు లేనిదే ఈ పని మొదలుపెట్టరాదు.

చేయు విధము

సుమారు 6 అంగుళముల పొడవు, 3 అంగుళముల ఎత్తు, ముప్పాతిక నుండి ఒక అంగుళము వరకు మందము గల బాగుగా ఆరిన చెక్క తీసికొనవలెను. ముడులు, పగుళ్ళు ఉండరాదు. టేకు, మామిడి, వేప ఏదైనను సరే. తలుపులు, మంచములు చేయగా మిగిలిన ముక్కలే ఇందుకు చాలును. పచ్చి చెక్కతో చేసిన కారు ఆరినకొలది వంకరపోవును, గడియారము వదులగును.

చిత్రిక పట్టి నునుపు చేసిన చెక్కపై కారు బొమ్మ గీసిన కాగితమును అంటింపవలెను. కాగితముపై పారదర్శకమైన ప్యాకింగు టేపు అతికించినచో కోత వద్ద చెక్క మాడదు. పిదప గడియారమునకు రంధ్రము వేయవలెను. బొమ్మ కోసిన పిమ్మట కాక, చెక్క నలుచదరముగా ఉన్నపుడే ఈ రంధ్రము వేయుట మంచిది. అప్పుడు చెక్కను గట్టిగా బిగించి పట్టుకొనవచ్చును. విపణిలో దొరకు చిన్న గడియారపు బిళ్ళలలో ఒక రకమునకు 35 మిల్లీమీటర్ల రంధ్రము సరిపోవును. అలమార తలుపులకు లోపలి మడతబందులు బిగించుటకు మన వడ్రంగులు వాడు బిట్టు సరిగా ఈ కొలతదే! అయినను బిళ్ళను చేతికి తెచ్చుకొని కొలిచిన పిదపనే రంధ్రము వేయవలెను.

కిటికీలను బయటి గీత కంటె ముందు కోయవలెను. ప్రతి కిటికీలోను ఒక చిన్న రంధ్రము చేసి, బ్లేడును ఒక వైపు విప్పి ఆ రంధ్రములో దూర్చి, మరల బిగించి లోపలి ముక్కను కోసి తీయవలెను. చివరకు కారు అంచు వెంబడి కోయవలెను. చెక్కను బలవంతముగా నెట్టరాదు. నెట్టినచో బ్లేడు వంగి కోత ఏటవాలుగా పడును. చక్రములను వేరు రంగు చెక్కతో పలుచగా కోసి అతికించినచో అందము హెచ్చును. అడుగున వెడల్పు పీట అమర్చినచో కారు ఒరగదు. తుదకు గరుకు కాగితముతో 120, 180, 220 నంబర్ల వరుసలో రుద్ది, మైనము గాని వార్నీషు గాని పూయవలెను.

గడియారమును మనము చేయనక్కరలేదు. దాని లోపలి క్వార్ట్జ్ స్ఫటికము బ్యాటరీ శక్తితో సెకనుకు 32,768 మార్లు కంపించుచు కాలమును చూపును. అది పెద్ద కర్మాగారముల పని. దానికి రూపమిచ్చి, బల్లపై పెట్టుకొనదగినదిగా చేయుట మన వడ్రంగి పని. బ్యాటరీ మార్చుకొనుటకు బిళ్ళ ఊడి వచ్చునట్లుండవలెను; జిగురు పోసి అతికింపరాదు.

ఏ కారు?

కొనువాని మనస్సులో ఏ కారు ఉన్నదో ఆ కారును కోయవలెను. గుండ్రని వీపు గల అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినది; అయినను మూడు తరముల వారు దానిని నీడ చూచియే గుర్తుపట్టుదురు. 1983లో వచ్చిన మారుతి 800 మధ్యతరగతి కుటుంబములకు తొలి కారు; దాని తయారీయు 2014లోనే ముగిసినది. ముంబాయి నగరపు టాక్సీలుగా పేరొందిన ప్రీమియర్ పద్మినులు 2023లో ఆ వీధులనుండి సెలవు తీసికొన్నవి. ఇట్టి పాత కార్ల రూపములకు ఆదరణ ఉండును. అయితే కంపెనీల చిహ్నములను, పేర్లను చెక్కపై చెక్కరాదు. ఇతరుల చిత్రపటములను నకలు చేయరాదు. రూపమును తానే గీసికొనుట పనివానికి గౌరవము, రక్షణ కూడను.

కలప, పేరు

కొండపల్లి వారికి పొణికి కర్ర, ఏటికొప్పాక వారికి అంకుడు కర్ర ఎంత ముఖ్యమో మీరెరుగుదురు. కర్ర అందనినాడు ఎంతటి నేర్పరి చేతులైనను ఊరకుండవలసినదే. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. దీనివలన మనకు రెండు పాఠములు. మొదటిది, ఏ ఊరి పేరు ఆ ఊరి పనికే చెందును. మన గడియారమును మన ఊరి పేరుతోనే అమ్మవలెను. రెండవది, కలప ఎక్కడినుండి వచ్చినదో చెప్పగలిగి యుండవలెను. ఎర్రచందనమును తాకరాదు. చెట్టు కొట్టవలసి వచ్చినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను.

పంచాయతీ చేయదగినది

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను 11వ షెడ్యూలులో పేర్కొన్నది. చిన్నతరహా పరిశ్రమలు, గ్రామీణ కుటీర పరిశ్రమలు, వృత్తివిద్య అందులోనివే. కావున ఇది మన పరిధికి వెలుపలి మాట కాదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 చేతివృత్తులున్నవి. వడ్రంగము, బొమ్మల తయారీ వానిలో చేరినవి. 5 నుండి 7 దినముల ప్రాథమిక శిక్షణ, దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు ఋణము ఇందు కలవు. దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామ పంచాయతీయే. ఇచ్చట మీ సంతకమునకు ఎంత విలువ ఉన్నదో గమనింపుడు. ఉలి పట్టని వానికి మీరు సిఫారసు చేసినచో, ఉలి పట్టినవాని అన్నమును తీసివేసినట్లే. దరఖాస్తును కారణము లేక నిలిపియుంచుటయు అట్టిదే.

ఉత్సాహముతో ఒకేసారి పది యంత్రములు కొనవలదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, అంగడి తెలియక ముందే యంత్రములు కొన్నచో అవి తాళము వేసిన గదిలో త్రుప్పు పట్టును. ఒక యంత్రము, ఒకరిద్దరు పనివారు, రెండు మూడు నమూనాలతో మొదలుపెట్టుడు. ఒక గడియారమునకు చెక్క, బిళ్ళ, బ్లేడ్లు, విద్యుత్తు, డబ్బా, పట్టిన గంటలకు కూలి ఎంత అయినదో పుస్తకములో వ్రాయింపుడు. తన కూలిని లెక్క కట్టని పనివాడు లాభము వచ్చినదనుకొనుచునే నష్టపోవును.

మొదటి కొనుగోలుదారు ఎవరు? మనమే కావచ్చును. స్వాతంత్ర్య దినమున పిల్లలకు బహుమతులు, బదిలీయైన ఉపాధ్యాయునికి జ్ఞాపిక, వచ్చిన అతిథికి కానుక, వీనిని పట్టణమునుండి ప్లాస్టికు రూపమున తెచ్చుచున్నాము. పొరుగింటి పుల్లకూర రుచి యన్నట్లున్నది మన వ్యవహారము. నియమములకు లోబడి, ధర పోల్చి, పని బాగుగా ఉన్నచో మన ఊరి గడియారమునే కొనుడు. పని బాగుగా లేనిచో జాలితో కొనవలదు. లోపమును చూపి సరిచేయింపుడు. దయతో కొన్న వస్తువు ఒకసారి అమ్ముడగును. నాణ్యముతో చేసిన వస్తువు రెండవసారియు అమ్ముడగును.

మీ గ్రామమున నేడు వడ్రంగము ఎరిగినవారు ఎందరు, వారి పిల్లలలో ఆ పని నేర్చుచున్నవారు ఎందరు? ఈ రెండు అంకెలను వచ్చే పంచాయతీ సమావేశమునకు ముందే మీరు తెలిసికొని, సభలో చదివి వినిపింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.