తెర పక్కన కూర్చున్న మనిషి

(టెక్కలిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరపత్రంలో "మూకీ సినిమా - సంగీతం" అన్న మాట చూసి, అన్నాలయ్యాక కాస్త కునుకు తీయడానికి పెట్టిన అంశం అనుకున్నారేమో. పొద్దుటి నుంచి జీడి కార్ఖానాల్లో కూలి గురించి, సారా గురించి, ఉద్దానంలో కిడ్నీ జబ్బుల గురించి మాట్లాడుకున్నాం. వాటి మధ్య ఇదెందుకని భోజనాల దగ్గర ఒక చెల్లి నన్ను అడిగింది కూడా. నేను చెప్పబోయేదీ కూలి గురించే. కాకపోతే కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

మనం సినిమా అంటే మాట్లాడే బొమ్మ, పాడే బొమ్మ అనుకుంటాం. మన దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా' వచ్చింది 1931 మార్చిలో. తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో. అంతకు ముందు దాదాపు ఇరవై ఏళ్ళపాటు మన దేశంలో తీసిన సినిమాలన్నీ మూకీలే. ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశారు. మన మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాల్లోనే యంత్రం కొని, గుడారాలు వేసుకుని, బర్మా, సింహళం దాకా తిరిగి బొమ్మలు చూపించారు. ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు.

వాటిని మూకీలు అన్నాం గాని, ఆ హాళ్ళు నిశ్శబ్దంగా ఎన్నడూ లేవు. తెర పక్కన ఒకరు హార్మనీ పెట్టె ముందేసుకుని కూర్చునేవారు. ఇంకొకరు తబలా పట్టేవారు. బొమ్మ మధ్యలో వచ్చే అక్షరాలను చదువు రానివాళ్ళ కోసం ఒకరు పైకి చదివి, కథ చెప్పేవారు. వాయించడం ఆషామాషీ పని కాదు. చెయ్యి మెట్ల మీద, కన్ను తెర మీద ఉండాలి. ఆ రోజుల్లో యంత్రాన్ని చేత్తో తిప్పేవారు. తిప్పేవాడు తొందరపడితే బొమ్మ పరిగెత్తేది, అలిసిపోతే నడక తగ్గేది. వాయించేవారు ఆ నడకకు తగ్గట్టు తాళం మార్చుకోవాలి. పది పదిహేను నిమిషాలకు ఒక రీలు అయిపోయేది. యంత్రం ఒక్కటే ఉన్నచోట రీలు మార్చేదాకా హాలంతా చీకటి, ఈలలు, కేకలు. ఆ చీకటిలో జనాన్ని కూర్చోబెట్టి ఉంచేది ఆ పాటే. సినిమా ఆఖరున ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా పడేది కాదు.

ఆ హార్మనీ దగ్గర మన దేశంలో సాధారణంగా మగవాళ్ళే కూర్చున్నారు. ఎందుకో మనకు తెలియంది కాదు. 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగవాడు. ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అదే ఏడు 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమల నటించారు. మూకీల కాలంలోనే మలయాళంలో 'విగతకుమారన్' తీస్తే, అందులో నాయర్ స్త్రీ వేషం వేసిన దళిత స్త్రీ పి.కె.రోజీని తిరువనంతపురంలో తరిమికొట్టారు. తెర మీద బొమ్మగా కనిపించినందుకే ఇంత జరిగింది. ఇక తెర పక్కన, నలుగురు మగవాళ్ళ మధ్య, నిజం మనిషిగా కూర్చుని వాయించాలంటే? మన వైపు సంగీతం వచ్చిన స్త్రీ అంటే కళావంతుల ఆడది అనే ముద్ర. ఆ ముద్ర భయంతో 'మర్యాదస్తుల' ఆడపిల్లల చేత వీణో హార్మనీయో ఇంట్లో నేర్పించారు, పెళ్ళిచూపుల దాకా. పెళ్ళయ్యాక ఆ పెట్టె అటక మీదికి పోయింది. కళావంతుల ఇళ్ళ స్త్రీలకు గజ్జె విప్పమని చెప్పారు, విప్పాక ఏం తిని బతకాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఇది స్త్రీలకు చేతకాని పని కాదని చెప్పడానికి ఇంకో దేశం సంగతి చెప్తాను. అమెరికాలో మూకీలకు పియానో వాయించినవారిలో చాలామంది స్త్రీలే. పిల్లలకు సంగీతం చెప్పే పంతులమ్మలు, చర్చిలో వాయించే అమ్మాయిలు సాయంత్రం హాలుకు వచ్చి వాయించేవారు. రోజా రియో అనే ఆమె 1902లో పుట్టింది. చిన్న వయసులోనే మూకీలకు ఆర్గాన్ వాయించింది. 1927 తరువాత టాకీలు వచ్చి ఆ పని పోయింది. ఆమె రేడియోలో పని వెతుక్కుంది. మళ్ళీ ముసలితనంలో, తొంభై దాటిన తరువాత కూడా పాత మూకీలకు జనం ముందు వాయించింది. 2010లో, 107 ఏళ్ళ వయసులో చనిపోయింది. టాకీ వచ్చినప్పుడు అక్కడ వేలమంది వాద్యకారుల పని ఊడింది. అక్కడ వాద్యకారులకు యూనియన్ ఉంది గనక, డబ్బాలో పెట్టిన సంగీతం మాకొద్దని పత్రికల్లో ప్రకటనలిచ్చి పోరాడారు. ఓడిపోయారు, అయినా పోరాడినట్టు రికార్డు ఉంది. మన తబలా, హార్మనీ మనుషులకు ఆ రికార్డయినా లేదు.

టాకీలు వచ్చాక సంగీతం స్టూడియోలోకి వెళ్ళింది. ఖుర్షీద్ హోమ్‌జీ అనే పార్శీ స్త్రీ బాంబే టాకీస్‌లో సంగీత దర్శకత్వం చేస్తానంటే ఆమె సమాజంలోని పెద్దలు గోల చేశారు. ఆమె సరస్వతీ దేవి అని పేరు మార్చుకుని పని చేసింది. తెలుగులో భానుమతిగారు 1954లో 'చక్రపాణి'కి సంగీతం కూర్చారు. ఆ తరువాత ఎం.ఎం. శ్రీలేఖ. ఇంకా లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి. తెర మీద పాడే ఆడగొంతులు మాత్రం వేలు. గొంతు కావాలి గాని, పెత్తనం అక్కర్లేదన్నమాట.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను.

నిరుడు దసరాలు వెళ్ళాక ఉద్దానంలోని ఒక ఊళ్ళో మేము ఆడపిల్లల చదువు గురించి సభ పెట్టాం. జనం రావాలంటే ఏదో ఒకటి చూపించాలి గదా. ఫాల్కే 1919లో తీసిన 'కాళీయ మర్దన్' మూకీ మా దగ్గరుంది. అందులో కృష్ణుడి వేషం వేసింది ఆయన కూతురు మందాకిని. అప్పటికి ఏడేళ్ళ పిల్ల. ఆడపిల్ల కృష్ణుడయింది గనక ఇదే సరైన సినిమా అనుకున్నాం. అయితే మా దగ్గరున్న కాపీలో శబ్దం లేదు. సంఘంలో ముగ్గురిని అడిగాం. ఒకామె తండ్రి పౌరాణిక నాటకాలకు హార్మనీ వాయించేవాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుంది, పెళ్ళయ్యాక ముట్టలేదు. పలాసలో జీడి పిక్కలు కొట్టే పని. ఇంకొకామె భజనలో కంజీర కొడుతుంది. మూడో ఆమె డెబ్భై దాటిన ముసలమ్మ. ఊడ్పు పాటలు, జోల పాటలు ఎన్ని వచ్చునో ఆమెకే తెలియదు.

"బొమ్మకి మనం పాట కట్టాలా? ఏటి సేత్తాం తల్లీ!" అని నవ్వారు. ఐదు రాత్రులు కూర్చున్నారు. పగలంతా పిక్కలు కొట్టి వచ్చిన చేతులు. జీడి నూనె తగిలి వేళ్ళ చివర చర్మం లేచిపోయి ఉంటే, మెట్టు నొక్కినప్పుడల్లా ఆమె మొహం చిట్లించేది. వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని వాయించింది. కృష్ణుడు వెన్న దొంగిలించే చోట కంజీర. మొగుడి గడ్డానికీ పెళ్ళాం జుట్టుకీ ముడివేసే చోట ఊరంతా పగలబడేలా ఒక పెళ్ళి పాట. కృష్ణుడు మడుగులో దూకాక ఒడ్డున జనం గోలపెడుతుంటే హార్మనీ ఆమె నాటకంలో ఏడుపు రాగం ఎత్తుకుంది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పిల్లడు నీట్లో పడితే తల్లికి పాటొస్తదేటి? ఆగు" అంది. కాసేపు ఏమీ లేదు. తరువాత మెల్లగా జోల పాట మొదలుపెట్టింది. సభ నాడు ఆ చోట జనంలో ఒక్కరూ కదల్లేదు. ఈ విద్య మేము నేర్పింది కాదు.

మరునాడు లెక్కలు రాసుకున్నాం. ప్రొజెక్టరు అద్దె, మైకుసెట్టు, షామియానా, వాను, డ్రైవరు బత్తా. ఆఖర్న "మహిళా కళాకారులు" అని రాసి ఎదురుగా "టిఫిను, టీ" అని రాశాం. రాసింది నేనే. హార్మనీ వాయించినామె సంతకం పెట్టడానికి వచ్చి ఆ కాగితం కూడబలుక్కుని చదివింది. "మిషనుకి అద్దిచ్చినారు. మా సేతులికేటి లేదా?" అంది.

నాకు వెంటనే నోట్లోకి వచ్చిన జవాబేమిటో చెప్పనా? "ఇది మన సంఘం పనే గదమ్మా" అన్నాను. నాకు సంస్థ నెలకు జీతం ఇస్తుంది. నా పని కూడా సంఘం పనే. ఆమెకు ఆ ఐదు రోజుల్లో రెండు పూటల కూలి పోయింది. ఇంట్లో మొగుడు "పదిమందిలో హార్మనీ ఏటి, నాటకాల కంపెనీయా?" అని తగువు పెట్టుకున్నాడు. అది కూడా ఆమే భరించింది. కరపత్రంలో ముఖ్య అతిథి పేరు పెద్దక్షరాల్లో వేశాం, వీళ్ళని "సంఘ సభ్యులచే సంగీతం" అన్నాం. ఎవరో కుర్రాడు ఫోనులో తీసిన వీడియో రెండ్రోజుల్లో ఊళ్ళన్నీ తిరిగింది. తీస్తామని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. వందేళ్ళనాటి సినిమా హాలు యజమాని చేసిన పనే హక్కుల గురించి మాట్లాడే మనమూ చేశాం.

అందుకని చట్టం ఏమంటుందో కాస్త చదివాను. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. పాడేవారు, వాయించేవారు, ఆడేవారు, చివరకు పాములాడించేవారు, ఉపన్యాసమిచ్చేవారు కూడా ఆ చట్టం ప్రకారం ప్రదర్శకులే. సొంతానికి వాడుకోవడం, చదువు చెప్పడం, వార్త ఇవ్వడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వారి అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చెయ్యకూడదు. ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. 2012 సవరణలో ఇంకోటి చేర్చారు: ఇది నా ప్రదర్శన అని చెప్పుకుని తన పేరు వేయించుకునే హక్కు. ఇక ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా సమాన వేతనం అని 1976 చట్టం చెప్పింది. 2019 నాటి వేతనాల కోడ్ ఆ సూత్రాన్నే కొనసాగించింది. అయితే ఈ చట్టాలు మన గుమ్మం దాకా రావాలంటే ముందు మనం ఈ పనిని పని అని ఒప్పుకోవాలి. "సరదా", "భక్తి", "సేవ" అన్నంతకాలం ఏ చట్టమూ అక్కరకు రాదు.

1928 నాటి 'షిరాజ్' అనే మూకీని లండన్ సంస్థ బాగుచేయిస్తే, అనుష్కా శంకర్ సంగీతం కట్టి 2017లో లండన్‌లోనూ, హైదరాబాదుతో సహా మన దేశంలో నాలుగు నగరాల్లోనూ తెర దగ్గర కూర్చుని వాయించారు. ఆమె పేరు చూసే జనం టిక్కెట్టు కొన్నారు. సంతోషం. ఉద్దానంలో వాయించినామె చేసిందీ అదే పని. ఆమెకు సితారు లేదు, అంతే తేడా.

ఈ సమావేశం ముందు నాలుగు విషయాలు పెడుతున్నాను. ఒకటి, ఇక మీద మన ఏ కార్యక్రమం ఖర్చుల పట్టీలోనయినా పాడేవారికి, వాయించేవారికి కూలి వేరే పద్దుగా రాయాలి. సాధన చేసిన రోజులు కూడా లెక్కలోకి రావాలి. పట్నం నుంచి వచ్చే మగ హార్మనిస్టుకు ఎంత ఇస్తామో మన ఊరి స్త్రీకీ అంతే. రెండు, కరపత్రంలో, బ్యానరు మీద వాళ్ళ పేర్లు ఉండాలి. మూడు, ఫోటో గాని వీడియో గాని వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే తీయాలి. నాలుగు, మన బాలికా కేంద్రాల్లో పాటతో పాటు వాద్యం నేర్పాలి. ఆడపిల్లకు గొంతు ఒక్కటే కాదు, చేతులు కూడా ఉన్నాయి.

ఆ ముగ్గురికీ తరువాత కూలి ఇచ్చాం. ఆలస్యంగా, వాళ్ళు అడిగాక ఇచ్చాం. హార్మనీ ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, "మళ్ళీ బొమ్మ ఎప్పుడేస్తారు?" అని అడిగింది. వచ్చే సంక్రాంతి తరువాత వేస్తామని చెప్పాను. ఈసారి ఖర్చుల పట్టీలో ఆమె పద్దు మొదటి వరసలో రాసి తెచ్చాను. ఇదిగో, ఈ కాగితం. మీరంతా చూసి, మీ సంఘాల్లో కూడా ఇలాగే రాస్తామంటే చేతులెత్తండి.