గండికోట లోయ: కనులతో చూచుట, బుద్ధితో చదువుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



రాయలసీమ యనగానే రాళ్లును, ఎండయు, వానకై యెదురుచూపును పలువురకు స్ఫురించును. అట్టి సీమయందే కొండను నిలువున చీల్చుకొని పాఱు నది యొకటి గలదు. కడప జిల్లా జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమలల నడుమ, పెన్నకు దక్షిణపుటొడ్డున గండికోట యున్నది. గండి యనగా కొండనడుమ నేర్పడిన సందు. ఆ గండి యంచున వెలసిన కోట గనుక గండికోట. పేరులోనే స్థలవర్ణన యిమిడియున్నది.

కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టిన పెన్న, 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు సీమలో సముద్రమును చేరును. బయలునేలపై విశాలముగా పరచుకొని వచ్చిన యీ నది గండికోట కడ సుమారు 300 అడుగుల వెడల్పునకు కుదించుకొనిపోవును. ఇరువైపుల గోడ కట్టినట్లు రాతిచరియలు లేచియుండును. ఆ రాయి యొకనాటి యిసుక. పొరపై పొరగా పేరుకొని, బరువునకు బిగిసి, గట్టిపడి రాయి యైనది. దాని వయస్సు నూఱుకోట్ల యేండ్లకు పైబడినది. పొరలు అడ్డముగను, పగుళ్లు నిలువుగను ఉండుటచే, నీరు అడుగును తొలిచినకొలది పైరాళ్లు దిమ్మెలు దిమ్మెలుగా జాఱిపడును. అందుచేతనే చరియలు ఏటవాలుగాక నిటారుగా నిలిచినవి. ఏ శిల్పియు ఉలిపట్టని గోడలివి.

ఇట్టి లోయలు దేశాంతరములందును కలవు. హిందూమహాసముద్రమున మారిషస్ ద్వీపము గలదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి, చెఱకుతోటల కూలికై తెలుగువారనేకులు అచ్చటికి పోయిరి. అందుచేతనే అచ్చటివారు తెలుగువారిని కొరంగీలని పిలిచిరి. ఆ ద్వీపమున బ్లాక్ రివర్ లోయలు ప్రసిద్ధములు. 1994లో ఆ ప్రదేశమును జాతీయోద్యానముగా ప్రకటించిరి. ఆ ద్వీపము అగ్నిపర్వతముల ద్రవము చల్లాఱి యేర్పడినది. సముద్రముపై తల యెత్తి యెనుబది లక్షల యేండ్లకు మించి యెంతో కాలము కాలేదు. గండికోట రాళ్లయెదుట అది పసిబిడ్డ. అచ్చట వానలు మెండు. లోయ నిండ అడవి. ఇచ్చట వానలు కొద్ది; రాతి యెముకలు బయటపడియుండును. పచ్చదనము కప్పిపుచ్చు కథను ఎండిన నేల విప్పిచెప్పును. సీమ పేదఱికముగా నెంచబడు నదియే యిచ్చట పాఠకునకు లాభము.

చూడబోవువారు వేసవిని విడిచి, వానలు వెనుకబట్టిన పిదప పోవుట మేలు. ప్రొద్దుటి యెండయు సాయంకాలపు టెండయు ఏటవాలుగా పడునపుడు పొరపొరయు వేఱుగా కనబడును. మిట్టమధ్యాహ్నమున రాయి కాలును, కన్ను చెదరును. అంచున రాళ్లు కొన్ని కదలునట్టివి; ఫొటోకై వెనుకకు అడుగువేయువారికి రెండవ అడుగు దొరకదు. పిల్లల చేయి విడువరాదు. గోడలపై పేర్లు చెక్కరాదు; నూఱుకోట్ల యేండ్ల రాతిపై నేటి పేరు చెక్కుటవలన కీర్తి రాదు, గాయమే మిగులును.

కోటలోపల మాధవరాయ, రంగనాథ దేవాలయములును, జుమ్మా మసీదును, విశాలమైన ధాన్యాగారమును గలవు. విజయనగర ప్రభువులకు సామంతులై పెమ్మసాని నాయకులు ఈ కోటనేలిరి. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వచ్చి యాతనిని ఇచ్చటనే కలిసికొనెను. మూడువైపుల లోయయే కందకము కాగా, కోటలోనివారికి వలసినవి నీరును, ధాన్యమును. ఆ ధాన్యాగారమును చూచినవారికి ముట్టడి యననేమో బోధపడును.

అయితే లెక్క యొకవైపే వ్రాసిన చిట్టా చిట్టా కాదు. జమకు ప్రక్కన ఖర్చును వ్రాయవలెను. కోటకు ఎగువను గండికోట జలాశయము గలదు. శ్రీశైలమునుండి కృష్ణాజలములు అవుకు మీదుగా అచ్చటికి వచ్చుచున్నవి. కరువుసీమకు అది జమ, కాదనుటకు వీలులేదు. 2020లో ఆ నీరు నిండుచుండగా తాళ్లప్రొద్దుటూరు మున్నగు గ్రామములవారు ఇండ్లను, పొలములను, పూర్వుల సమాధులను విడిచి కదలవలసివచ్చినది. అది ఖర్చు. పరిహారపు పట్టికలో ఇంటి కొలత యెక్కును, చెట్టు లెక్క యెక్కును. రచ్చబండ మాటలెక్కవు, బావిగట్టు పాటలెక్కవు. అంచున నిలిచి నీటినిగని మురియువారు, ఆ నీటి క్రింద ఊళ్లున్నవని యొక్క క్షణము తలంపవలెను.

ఇచ్చట గ్రంథాలయము చేయదగిన పని యొకటి గలదు. ముంపునకు గురియైన యూళ్ల వృద్ధులు ఇంకను అనేకులున్నారు. వారినుండి ఊరిపేర్ల కథలను, పొలముల పేర్లను, చెఱువుల, బావుల, గుళ్ల వివరములను, జాతరల క్రమమును అడిగి వ్రాసి, ఒక పుస్తకముగా కుట్టి యీ బీరువాలో నుంచవలెను. దానికి గొప్ప పాండిత్యము వలదు. ఓర్పుగల చెవియు, తెల్లకాగితములును చాలును. ఇరువదియైదేండ్లు అచ్చుపుస్తకములను కాపాడిన చేతులకు ఇది మించిన పనికాదు. రాతిపొరలను నది చదివించును. మనుష్యుల పొరలను మనుష్యులే వ్రాయవలెను. వృద్ధులు వేచియుండజాలరు గనుక, ఆ పని యీ యేడే మొదలు కావలెను.

స్వస్తి.