ముందే తవ్విన బావి



2021లో కోవిడ్ టీకాలు వచ్చిన కొత్తలో మా పక్కింటి పిన్నిగారు నన్నో ప్రశ్న అడిగారు. "టీకా తయారుకావాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుందంటారే, ఇది ఏడాది తిరక్కుండా ఎలా వచ్చిందమ్మా? నమ్మి వేయించుకోవచ్చునా?" అని. ఆవిడ భయం సబబైనదే. మీలో చాలామందికీ ఆ అనుమానం కలిగే ఉంటుంది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లని సామెత ఉంది కదా! మనలో ఎందరో వేయించుకున్న కోవిషీల్డ్ మాత్రం ముందే తవ్విన బావి. తవ్వింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. అక్కడి ఆచార్యురాలు సారా గిల్బర్ట్, ఒకే కాన్పులో ముగ్గురు బిడ్డలను కన్న తల్లి. ఆమే, ఆమె తోటివారూ అంతకుముందే మెర్స్ అనే మరో కరోనా జబ్బుకు టీకా కోసం పాటుపడుతున్నారు. చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను మన ఒంట్లో పెరగకుండా మార్చి, టీకాను మోసే బండిగా చేసుకున్నారు. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం వెల్లడి కాగానే, ఆ బండిలోనే సరుకు మార్చారు. ఏప్రిల్ 23న మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఆ టీకాను మన దేశంలో 2021 జనవరి 16 నుంచి వేయసాగారు.

అంతేనా? ఏ మందు పనిచేస్తుందో, ఏది చెయ్యదో కూడా ఆక్స్‌ఫర్డువారే ఆసుపత్రుల్లో వేలమంది రోగులకు ఇచ్చి పరీక్షించారు. చౌకగా దొరికే డెక్సామెథసోన్ వల్ల వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడోవంతు తగ్గాయని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు లేదనీ తేలింది. ఎంతోమంది ఎగబడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రిలో చేరిన రోగుల ప్రాణాలు కాపాడలేదనీ వారే చెప్పారు.

ఆక్స్‌ఫర్డ్ టీకా వేసుకున్న వారిలో బహు అరుదుగా కొందరికి రక్తం గడ్డకట్టిన మాటా నిజమే. దానిని ఎవరూ కప్పిపుచ్చలేదు. అది ఎందువల్ల జరుగుతోందో, దానిని ఎలా గుర్తించాలో 2021లో పరిశోధించి చెప్పినవారిలో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయం వైద్యులున్నారు. మేలు చెప్పినట్లే కీడూ చెప్పడం విద్యాలయాల ధర్మం. మనకు నమ్మకం కలగవలసింది అందువల్లనే.

కాబట్టి అక్కయ్యలారా, మీ అమ్మాయి పరిశోధన చేస్తానంటే "ఇంకా ఎన్నాళ్ళే ఈ చదువు? ఎందుకు పనికొస్తుంది?" అని విసుక్కోకండి. ఏ ఇంటికి ఎప్పుడు నిప్పంటుకుంటుందో ఎవరికి తెలుసు? బావి తవ్వేవాళ్ళలో మన పిల్లనూ ఉండనివ్వండి. సెలవు.